ఎర్రగట్టు: శంకుస్థాపన పొట్లం

ఛాయాదేవి బిందె ముందు కూర్చుని చిల్లగింజ అరగదీస్తూ ఉంది. కృష్ణకు కొత్తనీరు వచ్చిన దగ్గర్నుంచి పటమటలో కుళాయి తిప్పితే ఇటుకరంగు నీళ్ళే. గింజను సానరాయి మీద అరగదీసి, ఆ గంధాన్ని బిందెలో వేసి, ఒక్క చుట్టు కలియదిప్పి వదిలేస్తే కాసేపటికి మడ్డంతా అడుక్కి దిగుతుంది. పైన తేటనీరు నిలుస్తుంది. ఆగలేక మధ్యలో చెంబు ముంచితే మళ్ళీ మొదటికే వస్తుంది. ఆ ఆగడమొక్కటే ఈ పనిలో ఉన్న కష్టం. ఆ పొద్దున ఆ ఇంట్లో ఆగగలిగిన మనిషి ఆమె ఒక్కతే.

మిగతావాళ్ళు ఎలా ఆగుతారు? మద్రాసు లాబు నుంచి వచ్చిన కవరును ఆమె భర్త బసవపున్నయ్య వీధి వసారాలోనే చింపి, నిలబడ్డ చోటే చదివి, "బంగారం ఉందే ఛాయా!" అని వీధంతా వినపడేలా కేక పెట్టిన దగ్గర కదా కిందటి వారం మనం ఆగాం. ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టించే షెడ్డు పెట్టుకుని సుఖంగా ఉన్న మనిషి, పడమటి మెట్టలో ఎర్రగట్టు మీద పచ్చటి చిలుము పట్టిన రాళ్ళు చూసి మనసు పారేసుకున్నాడు. రాగి ఉందన్నారు, సీసం ఉందన్నారు. పామర్రు చుట్టుపక్కల రైతుల్ని కూడగట్టి 'ఎర్రగట్టు మినరల్స్' అని బోర్డు కట్టాడు. పాత లారీ మీద బోరు మిషను బిగించి వేసవిలో మొదటి బోరు వేయించాడు. రాగి కోసం తవ్వితే బంగారం ఉందని కాగితం వచ్చింది. ఆ కబురు బందరు కాలవ వెంట నీళ్ళకంటే ముందే పామర్రు చేరింది.

ఈ మధ్యాహ్నం పామర్రు రైసుమిల్లు ఆవరణలో రైతులంతా కూడుతున్నారు. బసవపున్నయ్య వెళ్ళి ఆ కాగితం చదివి వినిపించాలి. వినగానే పొలం అమ్మి కంపెనీలో పెట్టడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళలో మొదటివాడు రత్తయ్య, ఛాయాదేవి తోడబుట్టిన అన్న. పంటకాలవ పక్కన పొలం చెక్క ఒక్కటే అతనికున్న ఆస్తి. బేరం కుదిరిపోయింది. కొనేవాడు కూడా మిల్లు దగ్గరికే వస్తున్నాడు. కాగితం చదవడం అయిన వెంటనే ఒప్పందం మీద వేలిముద్రో సంతకమో పడిపోతుంది.

ఆ చేనులో నాట్లు పడి నెల కాలేదు. పంట కోసుకుని అమ్మినవాళ్ళను ఛాయాదేవి చూసింది. ఎండాకాలం బీడుగా ఉన్నప్పుడు అమ్మినవాళ్ళనూ చూసింది. నాటిన చేను అమ్ముకున్న రైతును మాత్రం ఎరగదు. వారం రోజులుగా ఆ ఒక్క సంగతే ఆమె గుండెలో ముల్లులా ఉండిపోయింది. భర్తతో అంటే, "బంగారం పండుతుంటే వడ్లెవడిక్కావాలే?" అని నవ్వాడు.

జీపు గేటు దగ్గర తయారుగా ఉంది. డ్రైవరు లాజరు దాన్ని తుడిచిందే తుడుస్తున్నాడు. బసవపున్నయ్య ఇంకా బయల్దేరకపోవడానికి కారణాలు రెండు. ఒకటి, కంపెనీ జియాలజిస్టు సంజీవరావు వచ్చి రిపోర్టు మీద సంతకం పెట్టాలి. రెండోది వర్జ్యం. బ్రేకులు సరిగా లేని లారీనైనా కొండపల్లి ఘాట్ రోడ్డు మీదుగా తోలుకొచ్చిన ధైర్యం ఆయనది. వర్జ్యంలో మాత్రం గడప దాటడు. పదిన్నరకు గాని అది పోదని గంటల పంచాంగం చూసి పొద్దున్నే తేల్చుకున్నాడు.

సైకిలు బెల్లు మోగింది.

"రావయ్యా సంజీవరావూ!" బసవపున్నయ్య వసారాలోకి ఎదురెళ్ళాడు. "నీ కోసమే చూస్తున్నా. కాఫీ తాగు, సంతకం పెట్టు, జీపెక్కు. ఏది ముందైనా నాకు అభ్యంతరం లేదు."

"కాఫీ తాగుతానండీ. మిగతా రెండూ మాట్లాడుకున్నాక," అన్నాడు సంజీవరావు.

సన్నగా, పొడుగ్గా ఉండే కుర్రాడు. వాల్తేరులో ఎమ్మెస్సీ చదివాడు. గుణదలలో తల్లి తెరేసమ్మతో ఉంటాడు. పెద్ద పెద్ద కంపెనీల ఉద్యోగం కోసం ఎదురుచూడకుండా ఈ చిన్న కంపెనీలో చేరాడు. తన అత్తగారు సంపూర్ణమ్మ అతన్ని పేరు పెట్టి పిలవడం ఛాయాదేవి ఎప్పుడూ వినలేదు. ఆవిడకు అతను 'రాళ్ళబ్బాయి'.

భుజాన ఉన్న ఖాకీ సంచి విప్పి అతను రాతికడ్డీలు బల్ల మీద వరసగా పేర్చాడు. బోరు గొట్టంలోంచి తీసినవి, రోకలి ముక్కల్లా గుండ్రంగా ఉన్నాయి. ఛాయాదేవి కాఫీ తెచ్చి ఇచ్చి, తలుపు పక్కన నిలబడింది.

"ఒక్క మాట అడగాలండీ. మీరు కోప్పడకూడదు."

"కోప్పడకూడదని ముందే చెప్పి అడిగే మాటకు కోపం రాకుండా ఎట్టా ఉంటుందయ్యా? అడుగు."

"మనం మద్రాసు పంపిన నమూనాలన్నిట్లో బంగారం వచ్చింది ఒక్కదాంట్లోనే. అన్నిటికంటే పై దాంట్లో. పైపొర మెత్తన గదండీ, ఇట్టా కడ్డీగా రాలేదు, బురదగా వచ్చింది. ఆ బురద ఎండబెట్టి పంపాం. దాంట్లో ఉంది. దాని కింది రాయిలో లేదు. ఆ కింద దాంట్లోనూ లేదు. అడుగుదాకా ఎక్కడా లేదు."

"పైనే ఉంటే మంచిదేగా. లోతుకు తవ్వే ఖర్చు తప్పింది."

వసారా మెట్ల దగ్గర లాజరు కిసుక్కున నవ్వాడు. సంజీవరావు నవ్వలేదు.

"ఆ పిడికెడు బురదలోనే వెండి కూడా వచ్చిందండీ. రాగి వచ్చింది, సీసం వచ్చింది. అన్నీ కలిసి ఒక్కచోటే ఉండి, దాని కింద తుడిచిపెట్టినట్టు పోవడం నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు."

"నీ పుస్తకాలు రాసినవాళ్ళు ఎర్రగట్టు చూశారా?"

"చూడలేదండీ." సంజీవరావు కాఫీ గ్లాసు కింద పెట్టాడు.  "ఎవరైనా కలిపారేమోనని నా అనుమానం."

"కలపడమంటే?"

"చిటికెడు బంగారు రజను నమూనాలో కలిపి పంపితే కాగితం ఇట్టాగే వస్తుందండీ. బయట కొన్ని కంపెనీల్లో జరిగిందని విన్నాను. వాటాలు అమ్ముకోవడానికి..."

మాట పూర్తి కాలేదు. బసవపున్నయ్య చెవులు ఎర్రబడ్డాయి. కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళలో ఆయన కోపం ఎప్పుడూ ముందు చెవుల్లోకే వస్తుందని ఛాయాదేవికి తెలుసు.

"నమూనాల గది తాళంచెవి ఎవరి దగ్గరుందయ్యా?"

"మీ దగ్గరొకటి, నా దగ్గరొకటి."

"నువ్వు కలిపావా?"

"లేదండీ."

"అయితే మిగిలింది నేనే. ఇంక నువ్వు మళ్ళీ నోటితో చెప్పడమెందుకు?" ఆయన లేచి నిలబడ్డాడు. "పాత రేకు వేసి కొత్తదని చెప్పిన రోజు ఒక్కటి చూపించవయ్యా! ఆటోనగరంతా తిరిగి అడుగు, పో! బసవపున్నయ్య తిక్కమనిషంటారు, నోటిదురుసంటారు. దొంగన్నవాడు ఒక్కడు కనపడితే నా పేరు మార్చుకుంటా!"

ఆ మాట నిజం. ఆయనకు తొందరెక్కువ. గొప్పలెక్కువ. చెప్పులు వేసుకున్నాక ఎక్కడికి వెళ్ళాలో ఆలోచించే రకం. కానీ అబద్ధం ఆయన నోట అతకదు. పిల్లల చిన్నప్పుడు వాళ్ళకు బూచాడొస్తున్నాడని చెప్పమంటే కూడా చెప్పలేక నవ్వేసేవాడు. మరి ఆ బంగారం ఎక్కడిది? ఛాయాదేవి బిందె వైపు చూసింది. మడ్డి దిగుతోంది. ఇంకా తేరలేదు.

"ఏంట్రా బసవయ్యా ఆ కేకలు? వీధిలోవాళ్ళు ఏమనుకుంటారు?"

పెరటి వసారాలోంచి సంపూర్ణమ్మ వచ్చింది. చేతిలో సగం చేసిన వత్తి. వీధి గుమ్మం కనపడే చోటికి రాకుండా నడవలోనే ఆగి, గోడకు ఆనుకుంది. కొడుకు బయల్దేరే వేళల్లో ఆవిడ ఎప్పుడూ అంతకు ముందుకు రాదు. భర్త పోయిన దగ్గర్నుంచి ఎవరూ చెప్పకుండానే ఆవిడ పెట్టుకున్న హద్దు అది.

"నీ కొడుకు దొంగంటమ్మా! మట్టిలో బంగారం కలిపానంట. ఈ పెద్దమనిషి కనిపెట్టాడు."

"ఎవరూ, రాళ్ళబ్బాయే?" సంపూర్ణమ్మకు కోపం రాలేదు సరికదా, బోసినోరు విచ్చుకుంది. "బంగారం ఎట్టా వచ్చిందని అడుగుతున్నాడా? పిచ్చినాయన. నన్నడిగితే పోలా?"

ముగ్గురూ ఆవిడ వైపు తిరిగారు.

"వేస్తే రాదా మరి?" అంది సంపూర్ణమ్మ.

"ఏం వేస్తే?" బసవపున్నయ్య గొంతు అప్పుడే సగం పడిపోయింది.

"ఏంటా, పంచలోహాలు! శంకుస్థాపన నాడు వేశాగా. ఇల్లు కట్టేవాడు పునాదిలో వెయ్యడూ? నాలుగు గదుల కొంపకే వేస్తామే, ఇంత కంపెనీకి వెయ్యొద్దూ? మీ పంతులు కొబ్బరికాయ కొట్టి, నాలుగు గింజలు చల్లి, సంభావన మొలలో దోపుకుని లేచాడు. నేను చూస్తానే ఉన్నా. సరే, ఆయన వెయ్యకపోతే నేను వేస్తాననుకున్నా. ముందే చేయించి కొంగున కట్టుకునే వచ్చాలే."

"ఎప్పుడు వేశావమ్మా? పూజ దగ్గర నువ్వు లేవుగా."

"పూజ దగ్గరికి నేనెట్టా వస్తానురా?" ఆ మాట ఆవిడ చాలా మామూలుగా అంది. "మీరంతా పందిట్లో పులిహోరకి పోయారు. అక్కడెవరూ లేరు. బోరు గొట్టం మూతి తెరిచే ఉంది. చెంబుడు కృష్ణ నీళ్ళతో కలిపి లోపలికి జారవిడిచా. లోహాల కోసం తవ్వేటప్పుడు లోహాలు చూపించకపోతే భూదేవికి మనకేం కావాలో ఎట్టా తెలుస్తది? మీ నాన్న ఉంగరం సగం అరగదీయించా. గోల్డు కంట్రోలు రోజుల్లో బంగారం ముట్టుకుంటేనే కేసు, నాకెందుకు పెద్దమ్మా ఈ గొడవ అని కంసాలి ఒకటే నస. నేను తీసేసిన వెండి మెట్టెలు పెట్టెలో ఉన్నాయి గదా, వాట్లో ఒకటి. రాగి ముక్క, వలకు కట్టే సీసం గుండు, ఇంత ఇనప రజను. అన్నీ పొడి చేయించా." ఆవిడ కళ్ళు మెరిశాయి. "గింజ వేస్తే కంకి రాదా? మీ నాన్న బంగారం మొలిచిందిరా బసవయ్యా!"

బయట లాజరు గుడ్డ దులుపుతున్న చప్పుడు ఆగిపోయింది.

శంకుస్థాపన రోజు ఛాయాదేవి కళ్ళకు కట్టింది. తను పీటల మీద, కొంగు భర్త కండువాకు ముడేసి. ఎండ. హోమం పొగ. ఒక పక్క దూరంగా నీళ్ళ టాంకరు నీడలో నిలబడ్డ సంజీవరావు. ఇంకో పక్క ముళ్ళకంప అవతల ఒంటరిగా అత్తగారు. ఇద్దర్నీ దగ్గరికి రమ్మని పిలిచినవాళ్ళు లేరు. తను కూడా పిలవలేదు.

"నేనారోజు టాంకరు దగ్గరే ఉండిపోయానండీ," అన్నాడు సంజీవరావు మెల్లగా. "పూజ జరుగుతోంది గదా, మావాళ్ళం మధ్యలోకి రావడం బాగుండదనుకున్నా. అంతా అయ్యాక వచ్చి మిషను స్టార్ట్ చేయించా." అతను లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు. "బసవపున్నయ్య గారూ, నన్ను క్షమించండి. మిమ్మల్ని అనరాని మాట అన్నాను."

"కూర్చోవయ్యా," అన్నాడు బసవపున్నయ్య. తనే ముందు కుర్చీలో కూలబడ్డాడు. "దొంగన్నా బాగుండేది. దొంగను కాదని తేల్చి నా కొంప ముంచారు నువ్వూ మా అమ్మా కలిసి."

సంపూర్ణమ్మ మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. ఆవిడ ఒకరి మొహం నుంచి ఇంకొకరి మొహానికి చూసింది. "అయితే ఏంటబ్బాయ్? నేను వేసిందే వచ్చిందా? దానికంటే ఎక్కువ రాలేదా?"

"లేదమ్మగారూ." ఆ జవాబు ఇవ్వడానికి అతనికి మనసు రాలేదు. "మీరు వేసినంత కూడా రాలేదు. కొంత అక్కడే ఉండిపోయింది."

ఆవిడ చేతిలో వత్తి జారింది. వంగి తీసుకోలేదు.

సంజీవరావు ఒక రాతికడ్డీ తీసి బసవపున్నయ్య ముందు పెట్టాడు. దాని పక్కన పచ్చటి చార, లోపల అక్కడక్కడ సీసం రంగు మెరుపు ఉన్నాయి. "ఇది అడుగున దొరికింది. ఇది ఎవరూ వేసింది కాదండీ. రాగి ఉంది. సీసం కూడా ఉండొచ్చు. ఎంతుందో, తవ్వితే గిట్టుబాటవుతుందో లేదో ఇప్పుడే చెప్పలేను. గట్టుకు అవతలి వాలులో ఇంకో బోరు వెయ్యాలి. మీరు జీతమివ్వకపోయినా నేను ఉంటాను. రాగి కోసం మొదలుపెట్టాం, రాగి సంగతి తేల్చుకుందాం. బంగారమని మాత్రం సంతకం పెట్టను."

"దేంతో వెయ్యమంటావు బోరు? ఈ రాళ్ళతోనా?" బసవపున్నయ్య జేబులోంచి మద్రాసు కాగితం తీశాడు. మడతలు విప్పి చాలాసేపు చూశాడు. "ఈ కాగితం అబద్ధమా?"

"కాదండీ. పంపిన మట్టిలో బంగారం ఉన్నమాట నిజం."

"ఉంది గదా! నేను ఉన్నదే చదువుతా. నా నోటితో ఒక్క అక్షరం ఎక్కువ చెప్పను. రెండో బోరులో రాగి పడిందనుకో, మొదటి బోరు బంగారం సంగతి ఎవడడుగుతాడు?"

ఛాయాదేవి తలుపు పక్కనుంచి ఒక అడుగు ముందుకు వేసింది. ఇంతసేపూ ఆయన దొంగ కాదని తెలిసి లోలోపల ఊపిరి పీల్చుకుంటూనే ఉంది. ఆ ఊపిరి తిరిగి వదిలేలోపే ఆయన ఆ గీత దాటడానికి కాలెత్తాడు.

"అట్టాగయితే నేనూ పామర్రు వస్తానండీ," అన్నాడు సంజీవరావు. "కాగితంలో లేని సంగతి నేను చెబుతా."

"చెప్పు. ఉద్యోగం పోయిన కుర్రాడు ఉక్రోషం కొద్దీ మాట్లాడుతున్నాడంటారు. నిన్నెవరు నమ్ముతారయ్యా అక్కడ? నీకు పొలముందా, పుట్రుందా, ఆ ఊళ్ళో ఒక చుట్టముందా?" అని, తన మాట తనకే కటువుగా తోచి, ఆయన గొంతు తగ్గించాడు. "నువ్విక కంపెనీకి రావక్కర్లేదు సంజీవరావూ. ఈ నెల జీతం ఇంటికి పంపుతా."

సంజీవరావు సంచి ముందుకు లాక్కున్నాడు. కడ్డీలు ఒక్కొక్కటే సంచిలో పెట్టుకున్నాడు. పచ్చచార కడ్డీ మాత్రం బల్ల మీదే వదిలేశాడు. నడవ వైపు తిరిగి, "వస్తానమ్మగారూ," అన్నాడు. సంపూర్ణమ్మ తల ఊపింది. గేటు దగ్గర సైకిలు స్టాండు తీసిన చప్పుడైంది.

బసవపున్నయ్య తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"ఈ మాట ఈ గడప దాటకూడదు. అమ్మా, నీకే చెబుతున్నా. ఛాయకు వేరే చెప్పక్కర్లేదు."

చెప్పక్కర్లేదు. నిజమే. ఇన్నేళ్ళుగా ఆమెకు ఎవరూ ఏదీ వేరే చెప్పాల్సిన అవసరం రాలేదు.

"మా అన్నయ్యకు కూడా చెప్పకూడదా?" అంది ఛాయాదేవి.

ఆయన ఆశ్చర్యంగా చూశాడు. "మీ అన్నకే ముందు చెప్పకూడదు. రత్తయ్య ఆగితే మిగతావాళ్ళు కూడా ఆగుతారు."

"ఆగనివ్వండి. ఆ రెండో బోరేదో అయ్యేదాకా."

"వాళ్ళు ఆగితే రెండో బోరే లేదు. నీకర్థం కావట్లేదు."

"అర్థమవుతోందండీ. అది నాటిన చేను."

"ఏమవుతుంది? కొన్నవాడు కోసుకుంటాడు."

"మా అన్నయ్యకు అది తప్ప ఇంకోటి లేదు. లేదని మీకూ తెలుసు. బంగారమని మీరు చెబితేనే అమ్ముతున్నాడు. బావ అబద్ధమాడడు అని ఊరంతా చెప్పుకుని అమ్ముతున్నాడు." ఆమె గొంతు పెరగలేదు. "మీరు అబద్ధం చెప్పరు. నాకు తెలుసు. ఉన్నదే చదువుతారు. దానికంటే అబద్ధం చెబితేనే నయమండీ. అబద్ధమైతే మీ మొహం చూసి పట్టుకుంటాడు."

ఆయన చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. గోడ గడియారం చూశాడు. "వర్జ్యం పోయేదాకా నన్నెవరూ పలకరించొద్దు. గడ్డం గీసుకుని వస్తా. తెల్లచొక్కా తీసి పెట్టు," అని గదిలోకి పోయాడు.

ఛాయాదేవి తెల్లచొక్కా తీసి మంచం మీద పెట్టింది. తిరిగి వచ్చి బిందె ముందు నిలబడింది. నీళ్ళు తేరాయి. అడుగున ఎర్రటి మడ్డి కదలకుండా పడుంది. చెంబుతో మెల్లగా తేటనీరు కూజాలోకి ఒంపింది.  పామర్రులో మనుషులు రాళ్ళబ్బాయిని నమ్మరు. నిజమే. రత్తయ్య చెల్లెల్ని నమ్ముతారు. మొగుడి మీద లేనిపోనివి కల్పించే మనిషి కాదని అక్కడ అందరికీ తెలుసు. బయల్దేరితే ఈ ఇంట్లో రేపటినుంచి తన స్థానం ఏమిటో ఆమె ఆలోచించకపోలేదు. ఆలోచించింది. ఆ ఆలోచన కూడా మడ్డిలాగే అడుక్కి దిగేదాకా ఆగింది. తర్వాత కూజాకు మూత పెట్టి, లోపలికి వెళ్ళి ఉతికిన చీర కట్టుకుంది. బస్సు చార్జీకి చిల్లర తీసుకుంది. ఒంటరిగా పామర్రు బస్సెక్కడం ఆమెకు ఇదే మొదలు.

నడవలోకి వచ్చేసరికి సంపూర్ణమ్మ అడ్డంగా నిలబడి ఉంది. అత్తగారు చెప్పుల వైపు చూసింది, చీర వైపు చూసింది. కోడలు కాలు బయట పెడుతుంటే పిల్లి ఎదురొచ్చినా, ఎవరైనా తుమ్మినా వెనక్కి పిలిచి కూర్చోబెట్టి మంచినీళ్ళు తాగించే మనిషి. వర్జ్యం ఇంకా ఉందని ఆవిడకు తెలుసు.

ఆవిడ మొల దగ్గర తడుముకుని చిన్న పొట్లం తీసింది. నూనె మరకలు పడిన పసుపుగుడ్డ. విప్పితే లోపల పిసరంత రజను మెరిసింది.

"మిగిలింది," అంది గుసగుసగా. "రెండో బోరుకని దాచా. ఇంక వెయ్యన్లే." పొట్లం మళ్ళీ కట్టి, ఛాయాదేవి కొంగు చివర పెట్టి తనే ముడేసింది. ముసలి వేళ్ళు ముడి మీద కాసేపు ఆగాయి. "వట్టి మాటయితే ఎవరన్నా కొట్టిపారేస్తారు. ఇది రత్తయ్య అరచేతిలో పొయ్యి. మీ మావయ్య ఉంగరం వాడెరుగును. మా అత్త బుద్ధితక్కువ పనే ఇదంతా అని చెప్పు. నాకేం సిగ్గు లేదు."

ఛాయాదేవి ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆవిడ విడిపించుకుని పక్కకు తప్పుకుంది.

వీధి మెట్లు దిగి నాలుగడుగులు వేసేసరికి వెనక ఏదో ఈడుస్తున్న చప్పుడైంది. ఛాయాదేవి తిరిగి చూసింది. సంపూర్ణమ్మ వత్తులు చేసుకునే పీట లాక్కుంటూ నడవ దాటింది, వసారా దాటింది. వీధి గుమ్మానికి ఎదురుగా, పై మెట్టు మీద పీట వేసుకుని కూర్చుంది. తెల్లచీర కొంగు తల మీదికి లాక్కుని, గుమ్మం వైపు మొహం పెట్టింది.

లాజరు గుడ్డ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "పెద్దమ్మగారూ! ఇక్కడ కూర్చున్నారేంటండీ? అయ్యగారు బయల్దేరే వేళండీ..."

"అందుకే కూర్చున్నా," అంది సంపూర్ణమ్మ.

గది కిటికీ రెక్క తెరుచుకుంది. సగం మొహానికి సబ్బు నురగతో బసవపున్నయ్య తల బయట పెట్టాడు. గేటు మీద చెయ్యి వేసిన భార్యను చూశాడు. మెట్టు మీద తల్లి కనపడలేదు.

"ఛాయా! వర్జ్యంలో ఎక్కడికే?"

"బయల్దేరినదాన్ని ఎక్కడికని అడక్కూడదురా," అంది సంపూర్ణమ్మ గుమ్మం వైపు చూస్తూనే.

ఛాయాదేవి తిరిగి చూడలేదు. గేటు తీసి, బయటికి వచ్చి, చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది. కొంగు ముడి పిడికిట్లో బిగించి బందరు రోడ్డు వైపు నడిచింది. రోడ్డు మీద బస్సు జాడ లేదు.

సందు మలుపు దగ్గర ఉండగా వెనక జీపు స్టార్టయిన చప్పుడు వినిపించింది. ఆయన ఎక్కందే లాజరు స్టార్ట్ చెయ్యడు.

వర్జ్యం ఇంకా పోలేదు.